డ్రైనేరియా - కోనలలోని పొలుసుకొమ్ముల ఫెర్ను

డ్రైనేరియా క్వెర్సిఫోలియా అనునది పాలిపోడియేసీ కుటుంబమునకు చెందిన ఒక పెద్ద ఫెర్ను. ఇది నేలలో వేళ్ళూనదు. వృద్ధవృక్షముల మ్రాకులమీదను, కొమ్మల పంగలలోను, నీడగల బండల నెఱ్ఱెలలోను పెరుగును. బొటనవ్రేలంత లావునను, ఒక్కొక్కచో అంతకు మించియు పెరిగి, ఆశ్రయమును గట్టిగా కరచుకొని ప్రాకెడి దీని కొమ్ము, అనగా అడ్డముగా పెరుగు కాండము, మొదలినుండి కొసదాక గోధుమవన్నె పొలుసులతో కప్పబడి యుండుట దీని మొదటి లక్షణము. ఒకే మొక్కకు రెండు తీరుల ఆకులుండి, అందొక తీరువి పచ్చదనము పోయి యెండిన పిదపను రాలక ఏండ్ల తరబడి నిలిచియుండుట రెండవ లక్షణము. భారతదేశము, సింహళము మొదలుకొని దక్షిణ చైనా, మలయా, ఇండోనీషియా, ఫిలిప్పీన్ ద్వీపముల మీదుగా న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియాలవరకు వ్యాపించిన ఈ జాతి, ఆంధ్రదేశమున తూర్పుకనుమల పొడవునను కానవచ్చును. కలికిరి, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి దీని చేరువ నెలవు శేషాచల శ్రేణి కోనలే.

ఈ మొక్క విశేషమును గ్రహింపవలెనన్న ముందుగా ఆ సీమ యెట్టిదో యెఱుగవలయును. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్న పీఠభూమిపై నున్నది. వాయల్పాడు, కలికిరిల మీదుగా పీలేరువైపు దిగివచ్చు రైలుమార్గమున కిరుప్రక్కల కనబడునవి నల్లరాతి గుండ్లు పేర్చినట్లున్న గుట్టలు, వానాకాలమున మాత్రమే పాఱెడి వంకలు, ఆ వంకలకు అడ్డముగా మనపూర్వులు కట్టిన చెఱువులు. బాహుదానది ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకపాయగానే యుండును. ఇరువదవ శతాబ్ది తొలిపాదమున క్షయరోగులకై ఆరోగ్యవరము శానిటోరియమును మదనపల్లె చెంత నెలకొల్పినవారు ఈ తావు నెన్నుకొనుటకు ఇచ్చటి పొడిగాలియే ముఖ్యకారణము. శ్వాసకోశములకు హితమని వైద్యులు కోరుకొన్న ఆ పొడితనమే ఫెర్నుజాతికి పరమశత్రువు. ఏలయన ఫెర్ను తన జీవితచక్రములో ఒక ఘట్టమున, రవ్వంతయైనను, నీటిపొర లేక ముందడుగు వేయజాలదు. పుంగనూరు, పలమనేరు, కుప్పములచుట్టు కౌండిన్య అభయారణ్యముగా 1990లో ప్రకటింపబడిన అడవి చాలవరకు ముండ్లపొదలతోను, వేసవిలో ఆకురాల్చు చెట్లతోను నిండినది. 1980 ప్రాంతములలో పొరుగురాష్ట్రములనుండి వచ్చి నిలిచిన ఏనుగులకది ఆటపట్టైనది గాని, చెట్టుమీద బ్రతుకు ఫెర్నునకు అట్టి యెండతగులు అడవి తగిన తావు కాదు.

పీలేరు దాటి భాకరాపేట మీదుగా తలకోనకు పోవు బాటసారికి నేలయు, చెట్టును, గాలియు మాఱుట స్పష్టముగా తెలియును. పీఠభూమిలోని గ్రానైటు ముగిసి, దానిపై పొరలు పొరలుగా పఱచుకొన్న క్వార్ట్‌జైటు శిల మొదలగును. తిరుమల కనుమదారిలో ఈ రెండు శిలలు కలియు రేఖను భూగర్భశాస్త్రజ్ఞులు జాతీయస్మారకముగా గుర్తించి కాపాడుచున్నారు. క్వార్ట్‌జైటు తనంత తాను నీటిని పీల్చుకొనునది కాకపోయినను, దాని పొరలనడుమనున్న సందులలోనికి వాననీరు ఇంకి, నెలలకొలది నిలిచి, కొండ అడుగుభాగమున ఎక్కడో ఒకచో జాలుగా వెలువడును. అట్లు వెలువడిన నీరే తలకోనలో సుమారు 270 అడుగుల యెత్తునుండి దుమికెడి జలపాతము. దాని దిగువన సిద్ధేశ్వరస్వామి ఆలయము. చుట్టును నిట్టనిలువుగా లేచిన కొండగోడలు. ఆ గోడలనడుమ ప్రొద్దెక్కినపిదపగాని ఎండ దిగదు, ప్రొద్దు వాలకముందే మఱలి పోవును. చెట్లనుండి చెట్లకు ప్రాకి, మనిషి నడుమంత లావెక్కిన గిల్లతీగ ఇచ్చట పేరుగాంచినది. తీగ యంతటి వయసునకు వచ్చినదన్న, దానిని మోయు చెట్లు ఎన్ని తరములుగా గొడ్డలివాత పడకున్నవో ఊహింపవచ్చును. ముదురుచెట్లు, గరుకుబెరడు, నీడ, ఎడతెగని చెమ్మ అను నాలుగును ఒక్కచోట కలిసినప్పుడే డ్రైనేరియాకు నివాసమేర్పడును. శేషాచల అడవులలో ఎఱ్ఱచందనము, జాలారి, పేరీత మొదలైన వృక్షములగూర్చి లోకము విశేషముగా చెప్పుకొనును. అది న్యాయమే. కాని ఆ వృక్షములలో చాలవరకు పొడి మెట్టలకు అలవాటుపడినవి. కోనలోని తేమను కొలుచుటకు వానికన్న ఈ ఫెర్నే నమ్మదగిన సాక్షి.

ఇక మొక్కను దగ్గఱగా చూతము. చెట్టు పంగలో ఎండిన ఆకుల గుబురును మెల్లగా తొలగించినచో అడుగున మెత్తని బొచ్చువంటి కొమ్ము కనబడును. దాని లావు ఒకటి మొదలు నాలుగు సెంటీమీటర్లవరకు నుండును. కండ కలిగి, లోపల లేతపచ్చగాగాని తెల్లగాగాని యుండును. పైనున్న బొచ్చు నిజమునకు బొచ్చు కాదు, పొలుసుల సమూహము. ఒక పొలుసును గోటితో పెఱికి భూతద్దము క్రింద నుంచినచో దాని నిర్మాణము విదితమగును: మొదట వెడల్పై, పోనుపోను సన్నబడి, తుదకు వెండ్రుకవలె ముగియును, నడుమ ముదురు గోధుమవర్ణము, అంచున పలుచని లేతవన్నె, ఆ అంచు పొడవునను సూక్ష్మమైన పండ్లు. అది కొమ్మునకు అంచుచేత గాక నడుమనొక బిందువుచేత అతుకుకొని యుండును. కావున పొలుసు నలుప్రక్కల క్రిందను కొంత ఖాళీ మిగులును. ఇట్టివి వేలకొలది ఒకదానిపై నొకటి పేర్చబడి, వానినడుమ గాలిపొర చిక్కుకొనుటచే, మిట్టమధ్యాహ్నపు వడగాలి కొమ్ముచర్మమును నేరుగా తాకనేరదు. వాన కురిసినప్పుడు ఆ సందులే నీటిని పట్టి కొంతసేపు నిలుపుకొనును. పొలుసులోని కణములు మృతకణములే. ప్రాణములేని దానితో ప్రాణమున్నదానిని కాచుకొనుట ఈ మొక్క జీవనరీతికి మూలసూత్రము. ఆకులయందును అదియే కానవచ్చును.

ఆకులు రెండు విధములని చెప్పితిమి. మొదటి విధమువానిని గూటియాకులనవచ్చును. వీనికి కాడ లేదు. పది మొదలు నలుబది సెంటీమీటర్ల పొడవు గలిగి, అడుగున వెడల్పై, అంచులు తమ్మెలుగా చీలి, చూచుటకు ఐరోపాఖండపు ఓక్ వృక్షపు ఆకులను పోలియుండును. శాస్త్రనామములోని రెండవమాటకు ఈ పోలికయే ఆధారము. చిగిర్చిన కొలదికాలమునకే ఇవి పచ్చదనమును కోల్పోయి, గోధుమవన్నెకు తిరిగి, కాగితమువలె గట్టిపడును. ఇతర మొక్కలలోనైనచో అట్టి ఆకు రాలిపోవలసినదే. ఇందు మాత్రము రాలదు. కొమ్మును ఒకప్రక్కనుండి కప్పి, ఆశ్రయమునకును తనకును నడుమ తెఱచిన నోటివంటి సందును ఏర్పఱచి నిలుచును. ఒకదాని పైన నొకటిగా, ఏటేట క్రొత్తవి చేరుచుండగా, పాతవి అడుగున మిగులుచుండును.

రెండవ విధమువి పచ్చియాకులు. వీనికి జానెడు పొడవైన కాడ యుండును. ఆకుపత్రము అరమీటరు మొదలు మీటరు పొడవున పెరిగి, నడిమి ఈనెదాక లోతుగా చీలి, ఇరుప్రక్కల కోసుగానున్న తమ్మెలతో నొప్పును. ఆహారోత్పత్తియు, సంతానోత్పత్తియు వీనిపనులే. ఈనెల అల్లిక స్పష్టముగా ఎత్తుగా కనబడును. ఆకును వెలుతురునకు ఎత్తిపట్టి చూచినచో, ప్రక్క ఈనెలనడుమ అడ్డఈనెలు కలిసి గళ్ళుగళ్ళుగా అమరిన తీరు మిక్కిలి ముచ్చటగా నుండును. వేసవి తగిలినప్పుడు తమ్మెలు ఒక్కొక్కటిగా కీలువద్ద ఊడి రాలిపోవును; నడిమి ఈనెలు మాత్రము పుల్లలవలె నిలిచియుండును. ఆ సమయమున చూచువారు మొక్క చచ్చినదనియే యెంతురు.

ఈ రెండువిధముల ఆకుల నడుమనున్న పనిపంపకమును మఱికొంత విపులముగా చెప్పవలసియున్నది; ఏలయన ఈ జాతి విశిష్టత అంతయు నందే యున్నది. నేలలో మొలచిన మొక్కకు మన్ను పుట్టుకతోనే లభించును. చెట్టుకొమ్మమీద మొలచినదానికి మన్ను లేదు. వాన వెలిసిన గడియలో నీరు లేదు. ఉప్పులును ఖనిజములును లేవు. ఆశ్రయవృక్షము రసమును పీల్చి బ్రతుకు బదనికవంటిది కాదిది. దాని వేళ్ళు బెరడును పట్టుకొనుటకే గాని లోనికి చొచ్చుటకు కావు. కావున తనకు కావలసిన మన్నును తానే తయారుచేసికొనును. పైకొమ్మలనుండి రాలెడి ఆకులు, పూలు, బెరడు పెచ్చులు, గాలితో వచ్చెడి ధూళి, పక్షుల రెట్టలు, పురుగుల కళేబరములు ఇవన్నియు గూటియాకుల సందున చిక్కుకొని, వానలకు నాని, శిలీంధ్రములచేతను సూక్ష్మజీవులచేతను కుళ్ళి, నల్లని ఆకుమన్నుగా మాఱును. కొమ్మునుండి బయలుదేరిన సన్నని వేళ్ళు ఆ మన్నులోనికి అల్లుకొని, అందలి చెమ్మను, నత్రజనిని, ఇతర లవణములను గ్రహించును. ఎండిన గూటియాకు గోడయైనది. ఆ గోడవెనుక పుట్టెడి మన్ను పొలమైనది. అడుగుభాగమున నేల ఎండి పగులుబారిన దినములలోకూడ ఈ గూటిలోపలి మన్ను వ్రేలికి చల్లగా తగులును. నేల పలుచనై, మన్నునకు కఱవైన రాయలసీమ అంచున ఇట్టి మొక్క వర్ధిల్లుట యాదృచ్ఛికము కాదని నా నమ్మకము; మన్నునకై నేలమీద ఆధారపడని మొక్కకు నేల బీదతనముతో పనిలేదు.

ఆ గూళ్ళు మొక్కకు మాత్రమే ఉపయోగపడుననుకొనరాదు. చీమలు అందు కాపురములు పెట్టును. జెఱ్ఱులు, తేళ్ళు, చిన్న తొండలు, కప్పపిల్లలు అందు ఆశ్రయము పొందును. కొన్ని ఆర్కిడ్ మొక్కల విత్తనములు ఆ ఆకుమన్నులోపడి మొలచుట కద్దు. పచ్చియాకుల అడుగున తేనెగ్రంథులుండి తీయని ద్రవమును స్రవించుననియు, దానికై వచ్చు చీమలు లేతాకులను తినెడి పురుగులను తరుముననియు వృక్షశాస్త్రజ్ఞులు గుర్తించిరి. పూవులే లేని మొక్కకు తేనె యుండుట విన్నవారికి వింతగా తోచును. కాని ఇట్టి తేనెగ్రంథులు మఱి కొన్ని ఫెర్నుజాతులయందును గలవు.

ఈ ప్రాంతమునకు రెండు వానకార్లు. జూను మొదలు సెప్టెంబరువరకు నైరుతి ఋతుపవనము పలుచగా కురిసి పోవును. అక్టోబరు, నవంబరులలో బంగాళాఖాతమునుండి వచ్చు ఈశాన్యపు వానలును వాయుగుండములును తూర్పువాలులను తడిపి చెఱువులను నింపును. డ్రైనేరియా తొలకరితోనే మేల్కొనును. కొమ్ము కొసనున్న మొగ్గ ఉబ్బి, పొలుసులు తొలగించుకొని, చుట్టచుట్టుకొన్న లేతాకును బయటకు పంపును. ఒకటి రెండు గూటియాకులు వెలువడినపిదప పచ్చియాకులు వెలువడుట సాధారణము. ఈశాన్యపు వానలు ముగియునప్పటికి పచ్చియాకులు పూర్తిగా ముదిరి, అడుగున సిద్ధబీజములను ధరించియుండును. పుష్యమాఘములలో కోన చల్లగానున్నంతవరకు ఆకులు నిలిచి, ఫాల్గుణమునుండి క్రమముగా తమ్మెలను రాల్చును. ఏప్రిలు, మే మాసములలో మిగులునవి పొలుసులు కప్పిన కొమ్మును, ఎండిన గూళ్ళును, పుల్లలవంటి నడిమి ఈనెలును మాత్రమే. ఆ కొమ్ములోని కండయందు దాగిన నీటితోను, పిండిపదార్థముతోను మొక్క మఱల తొలకరిదాక ప్రాణము నిలుపుకొనును. ఎడతెగని తేమగల కేరళలోను, మలయాలోను ఈ విశ్రాంతికాలము ఇంత కచ్చితముగా కనబడదు. అచ్చట ఏడాది పొడవునను పచ్చియాకులను చూడవచ్చును. శేషాచలమందలి డ్రైనేరియా పస్తులకు అలవాటుపడిన డ్రైనేరియా.

పచ్చియాకును తిరుగవేసి చూచినచో, పక్క ఈనెలనడుమ రెండేసి వరుసలుగా గుండ్రని గోధుమవన్నె చుక్కలు కానవచ్చును. ఒక్కొక్క చుక్క అనేక సిద్ధబీజాశయముల గుంపు. శాస్త్రపరిభాషలో దానిని సోరస్ అందురు. ఇతర ఫెర్నులలో చాలవానికి ఈ గుంపును కప్పు పలుచని పొర యుండును; డ్రైనేరియాకు అది లేదు. ఒక్కొక్క సిద్ధబీజాశయము చుట్టును ఒక కణవలయము గలదు. ఆ వలయములోని కణముల లోపలిగోడలు దళసరివి, వెలుపలిగోడ పలుచనిది. పొడిగాలికి కణములలోని నీరు ఆవిరియగుచుండగా పలుచని గోడ లోనికి లాగబడి, వలయము వెనుకకు వంగి, సంచి చీలును. తుదకు కణములలోని నీటిపట్టు ఒక్కసారిగా తెగును. వలయము తక్షణమే మునుపటి రూపునకు తిరిగివచ్చి, ధూళివంటి సిద్ధబీజములను గాలిలోనికి విసరును. తడిని కోరు మొక్క తన సంతానమును పొడిగాలికప్పగించుటకు కారణము, పొడిగాలియందే దూరప్రయాణము సాధ్యమగుటయే. అట్లు పోయినవానిలో లక్షకొకటి తగిన చెమ్మగల బెరడునగాని నాచునగాని పడినచో, అందుండి గోరంతకూడ లేని, హృదయాకారముగల పచ్చనిరేకు పుట్టును. దాని అడుగుననే పురుషబీజాశయములును స్త్రీబీజాశయములును ఏర్పడును. పురుషబీజము కశములను కొట్టుకొనుచు నీటిపొరలో ఈదిపోయి స్త్రీబీజమును కలియవలయును. ముందు చెప్పిన నీటిపొర అవసరమైన ఘట్టమిదియే. కలిసినపిదప మొలచిన పసిమొక్క తొలియాకులు చిన్నవిగా, చీలికలు లేక, రెండు తీరుల భేదమును చూపక యుండును. గూటియాకులు కట్టుట వయసు వచ్చినతర్వాతి పని. ఈ మార్గమున ఒక పెద్ద గుబురు ఏర్పడుటకు పెక్కేండ్లు పట్టును. గుబురు ఏర్పడినపిదప మాత్రము కొమ్మే నలుదెసల ప్రాకి, శాఖలు వేసి, చెట్టును చుట్టుకొనును.

ఈ మొక్కను పాశ్చాత్యశాస్త్రజ్ఞులకు తెలిపిన తొలి గ్రంథములలో కొచ్చినులోని డచ్చి గవర్నరు వాన్ రీడ్ మలయాళదేశపు వైద్యుల సాయముతో కూర్పించి, 1678 మొదలు 1693 వరకు ఆమ్‌స్టర్‌డామున 12 సంపుటములుగా ప్రకటించిన హోర్టస్ మలబారికస్ ఒకటి. లిన్నేయసు 1753లో దీనికి పాలిపోడియం క్వెర్సిఫోలియం అని నామకరణము చేసెను. లండనుచెంత క్యూ ఉద్యానమున పనిచేసిన జాన్ స్మిత్ 1840 దశకారంభమున దీనిని డ్రైనేరియా ప్రజాతిలోనికి మార్చెను. ఇటీవల జన్యుపరిశోధనల ననుసరించి కొందఱు దీనిని అగ్లయోమార్ఫా ప్రజాతిలో చేర్చుచున్నారు. పాతపేరు ఇంకను విస్తారముగా వాడుకలో నున్నందున ఈ వ్యాసమున దానినే వాడితిమి.

దక్షిణదేశపు ఫెర్నులకు సమగ్రచరిత్రకారుడు రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. 1830లో జన్మించి, మదరాసు అటవీశాఖకు 1860 మొదలు 1882 వరకు అధిపతియై, కొండకొండయు తిరిగి, దక్షిణభారతపు ఫెర్నులను గూర్చి 1863-65లలో సచిత్రగ్రంథమును, 1883లో బ్రిటిషిండియా, సింహళము, మలయా ద్వీపకల్పముల ఫెర్నులకు కరదీపికను ప్రకటించెను. శేషాచలపు పేరీతచెట్టు శాస్త్రనామమందు ఆయనపేరే నిలిచినది. ఆ కాలపు మొక్కల చీటీలపై ఈ కొండలు కడపకొండలుగా పేర్కొనబడుటకు కారణము, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు కడప జిల్లాలో నుండుటయే. పిదప గాంబుల్ ఆరంభింపగా 1915 మొదలు 1936 వరకు వెలువడిన మదరాసు రాజధాని వృక్షసంపుటములు మన ప్రాంతపు మొక్కలకు నేటికిని ప్రామాణికములే. కాని అవి పూచెడి మొక్కలకే పరిమితములు. అందువలన పూవులేని ఫెర్నులు చాలకాలము బెడ్డోమ్ పుటలలోనే యుండిపోయినవి. అనంతపురము శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమున టి. పుల్లయ్యయు, వారి సహచరులును ఆంధ్రప్రదేశపు ఫెర్నుల నన్నిటిని ఒక్కచో చేర్చి గ్రంథస్థము చేసిన పిదపనే ఈ లోటు తీఱినది. ఫెర్నులను ప్రేమించువారు తెలుగునాట బహుకొద్దిమంది. ఆ కొద్దిమంది ఋణము పెద్దది.

శేషాచలమునను, మదనపల్లె గుట్టలయందును డ్రైనేరియాకు తోడుగా మఱికొన్ని ఫెర్నులు గలవు. బండల నెఱ్ఱెలలోను పాతగోడలలోను మొలచెడి మయూరశిఖ అనబడు ఆక్టినియాప్టెరిస్ రేడియాటా, ఎండకు ముడుచుకొని వానకు విప్పారును. చైలాంథిస్ ఫారినోసా ఆకు అడుగున తెల్లని పిండిపూత ధరించి తేమను కాపాడుకొనును. జాలుల అంచున పెరిగెడి హంసపాది ఏ కవచమునులేక, వాన వెలిసిన కొలదినెలలకే ఆకులు రాల్చి అణగియుండును. ఒక్కొక్కటి ఒక్కొక్క ఉపాయముతో వేసవిని దాటుచున్నవి. వానిలో మన్నును నిర్మించుకొను ఉపాయము డ్రైనేరియా ఒక్కదానిదే. పొలుసులు గల ఫెర్నులలో మిక్కిలి పెద్దదియగు సయాథియా, అనగా వృక్షఫెర్ను, విశాఖమన్యమువంటి తడికొండలలో గలదు గాని ఈ పొడిసీమలో దాని మాటయే లేదు.

కుప్పము దాటి తమిళదేశపు సరిహద్దు చేరువారికి ఈ ఫెర్ను మఱియొక రూపమున పరిచితమగును. నామక్కల్ జిల్లాలోని కొల్లిమలై సంతలలో పొలుసులతో కప్పబడిన కొమ్మును ముక్కలుగా కోసి, ఆట్టుక్కాల్ కిళంగు అనియు, ముడవాట్టుక్కాల్ అనియు అమ్ముదురు. చర్మముతోనున్న గొఱ్ఱెకాలును పోలియుండుటచే ఆ పేరు. పొలుసులను గీకి, కండను ముక్కలుగా తఱిగి, మిరియాలు, జీలకఱ్ఱ, చిన్నయుల్లితో నీళ్ళలో మరిగించి సూపుగా త్రాగినచో మోకాళ్ళనొప్పులు, కీళ్ళవాపులు తగ్గునని వారి విశ్వాసము. చైనాదేశపు వైద్యులు దీని సోదరజాతిని విఱిగిన యెముకలకు ఔషధముగా శతాబ్దులుగా వాడుచున్నారు. ప్రయోగశాలలలో క్వెర్సిఫోలియా కొమ్మురసము వాపును తగ్గించుననియు, కొన్ని సూక్ష్మజీవులను అరికట్టుననియు కనుగొన్నారు. కాని రోగులపై పెద్దయెత్తున జరిగిన పరీక్షలచే నిర్ధారణమైన మందుగా దీనిని చెప్పుటకు వీలులేదు. కొండవారు తమ యింటి నొప్పులకై అప్పుడప్పుడు కోసికొన్నంతకాలము మొక్కకు నష్టము లేదు. యాత్రికులు గంపలకొలది కొనుట మొదలైనప్పుడు కథ మాఱును. ఆకును కోసిన మఱల చిగిర్చును. కొమ్మును పెల్లగించినచో గూళ్ళును, అందలి మన్నును, ఆ మన్నులోని ప్రాణులును అన్నియు ఒక్కసారిగా నేలపాలగును. చెట్టు మీద పలుతరముల ఆకులు కూర్చిన సంపద ఒక్కపూట సంతలో అమ్ముడుపోవుట చూచి బాధపడని వృక్షప్రేమికుడుండడు.

సీమలో దీనికి కొమ్మును త్రవ్వువారికన్న కార్చిచ్చులు ఎక్కువ ప్రమాదకరములు. మాఘఫాల్గుణములనుండి కొండమీది బోద ఎండి, ఒక్క నిప్పురవ్వకు మైళ్ళకొలది అంటుకొనును. కోనలోతున చెమ్మయున్నంతవఱకు నిప్పు రాదు. కాని గట్టుబండలమీద పెరిగినవాని గూళ్ళలోని ఎండుటాకులు మంచి వంటచెఱకుగా పనిచేయును. చుట్టును పచ్చని అడవి కొఱవడిన చెట్లమీద మొక్కలుకూడ క్రమముగా క్షీణించును. హార్సిలీకొండ ఇందుకొక ఉదాహరణము. 1,200 మీటర్లకు పైబడిన ఎత్తు, వేసవిలోకూడ చల్లని మంచుగాలి, ఏనుగు మల్లమ్మకొండయని పూర్వనామముగల ఆ శిఖరము ఫెర్నులకు తగినదే. కాని కడప కలెక్టరు హార్సిలీ అచ్చట 1870 ప్రాంతమున వేసవివిడిది కట్టుకొన్నపిదప శిఖరమున నాటబడినవి ఎక్కువగా యూకలిప్టసు మొదలైన పరదేశపు చెట్లు. యూకలిప్టసు ఏటేట బెరడును పొరలుగా ఊడ్చివేయును. కొమ్మునకు పట్టు దొరకదు, గూటికి నిలుకడ చిక్కదు. వృద్ధమైన మఱ్ఱి, మామిడి, నేరేడువంటి గరుకుబెరడు చెట్టు ఒకటి, శిఖరమునిండ పెంచిన అట్టి తోటకన్న ఈ ఫెర్నునకు విలువైనది. తలకోన చుట్టుపట్ల అడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానములోను, 2010లో శేషాచల జీవావరణమండలములోను చేరినందున గొడ్డలిభయము కొంత తగ్గినది, నిప్పుభయము తగ్గలేదు.

దీనిని ఇంటివద్ద పెంచుట కష్టము కాదు. అడవినుండి తెచ్చిన కొమ్మును గాక, ఇదివరకే తోటలలోనున్న మొక్కనుండి మొగ్గగల ముక్కను వానాకాలారంభమున కోసి, కొబ్బరిపీచు, బొగ్గు, పెంకుముక్కలు నింపిన వ్రేలాడు బుట్టలోగాని, మామిడిచెట్టు పంగలోగాని పీచుత్రాటితో వదులుగా కట్టవలయును. కొమ్మును మన్నులో పూడ్చరాదు; పూడ్చినచో కుళ్ళును. ప్రొద్దుటి ఎండ తగులవచ్చును, మధ్యాహ్నపుటెండ తగులరాదు. తొలియేడు చిన్న ఆకులే వెలువడును. మదనపల్లెవంటి పొడిప్రదేశమున మార్చి మొదలు జూనువఱకు నీరు తగ్గింపవలయునుగాని పూర్తిగా మానరాదు. గూటియాకులు గోధుమవన్నెకు తిరిగినప్పుడు ఎండినవని పెఱికివేయుట చాలమంది చేయు పొరపాటు. ఆ ఆకులను అట్లే యుంచి, వానివెనుక అప్పుడప్పుడు పిడికెడు రాలిన ఆకులను వేసినచో, రెండుమూడేండ్లలో బుట్ట కనబడనంతగా కొమ్ము చుట్టుకొనును.